సూరత్ నగరమున అభయదానము

1689వ సంవత్సరమున ఇంగ్లండున ఓడ నెక్కి పిమ్మట సూరత్ చేరిన జాన్ ఓవింగ్టన్ అను ఆంగ్లేయ క్రైస్తవాచార్యుడు, ఆ నగరపు వర్తకులు మూగజీవుల కొఱకు నడుపుచుండిన యొక ఆతురశాలను తన యాత్రాగ్రంథమున వర్ణించియున్నాడు. ముదిసిన గోవులును, కుంటువడిన గుఱ్ఱములును, మేకలును, కుక్కలును అచ్చట మేతయు నీడయు పొందుచుండెననియు, దాని చెంతనే నల్లులు మొదలగు రక్తపాయి క్రిములకు సైతము ఒక శాల కలదనియు, ఆ క్రిములు పస్తుండరాదను దయతో అప్పుడప్పుడొక పేదవానిని కూలికి మాటాడి, రాత్రియంతయు వాటి మంచముపై పరుండబెట్టి, కాట్లకు తాళలేక తెల్లవాఱకమున్నే లేచి పోకుండ వానిని మంచమునకు బంధించుచుండిరనియు ఆయన వ్రాసెను. పరదేశి కనుల కబ్బురముగా తోచినదానిలో కొంత యతిశయోక్తి యుండవచ్చును. ఐనను నల్లి ప్రాణమును గూడ ప్రాణముగానే ఎంచిన ఆ అహింసాబుద్ధిని నేను పరిహసింపజాలను. అంతటి విశాలమైన కరుణ వేళ్ళూనిన నేల లోకమున అరుదు. నన్ను కలతపెట్టువాడు ఆ కూలివాడు. కరుణ యొక్క లెక్కలో గోవునకు చోటు దొరకినది, నల్లికి దొరకినది, మంచమునకు కట్టబడిన మనుష్యునకు మాత్రము దొరకలేదు. వానికి కూలి ముట్టినది గదా యని దాతలు తృప్తిపడియుందురు.

నేటి సూరత్ నగరమున ఆ కూలివాని స్థానమున నున్నవారు మరమగ్గముల కార్మికులు. లింబాయత్, ఉధనా ప్రాంతముల వీధులలో సిరిసిల్ల, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ తావులనుండి తరలిపోయిన పద్మశాలి కుటుంబములు తరములుగా కాపురముండుటచే, అచ్చటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను సైతము నడుపుచున్నది. వారితోపాటు ఒడిశాలోని గంజాం జిల్లానుండి వచ్చినవారు లక్షల సంఖ్యలో గలరు. మన శ్రీకాకుళమునకు సరిహద్దయిన ఆ జిల్లాలో తెలుగు మాటాడువారికిని కొదువ లేదు. మరమగ్గముల కార్ఖానా యగు సాంచల ఖాతాలో పండ్రెండు గంటల పాళీ, మీటరు లెక్కన కూలి, పగటిపాళీవాడు లేచిన చాపపై రాత్రిపాళీవాడు పరుండు ఇఱుకు గది, వేయి మైళ్ళ యవతల ఇల్లాలు: ఇదియే ఏండ్ల తరబడి వారి జీవితము. ఇట్టి జీవితమున ఒంటరితనము మనుష్యుని ఎచ్చటికి కొనిపోవునో, అచ్చటినుండి హెచ్.ఐ.వి. యెట్లు రైలెక్కి పల్లెకు చేరునో, గంజాం జిల్లా యనుభవము దేశమునకు ఎన్నడో చూపినది. ఒడిశాలో ఆ వ్యాధి భారము మిక్కుటముగా మోసిన జిల్లా అదియే. అందులకు సూరత్ వలసయే ముఖ్యకారణమని వైద్యాధికారు లందఱును ఎఱుగుదురు.

ఈ వ్యాధి సోకకమున్నే సోకకుండ నిలుపగల మాత్ర యొకటి కలదు. వైద్యులును, సంఘముల కార్యకర్తలును దానిని ప్రెప్ అని వ్యవహరించుచున్నారు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అను రెండు మందుల కూడిక అది. దేహమున ప్రవేశించిన వైరస్ తన ప్రతిరూపమును నిర్మించుకొనుటకు చేయు ప్రయత్నమును మొదటి మెట్టుననే అడ్డగించి, రక్తకణములలో నది పాతుకొనకుండ చేయును. 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి నొసగెను. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదము మిక్కుటముగా గలవారి కందఱికిని దీనిని సిఫారసు చేసెను. చెప్పినట్లు క్రమము తప్పక వాడినచో లైంగిక సంపర్కము వలన సోకు ప్రమాదము నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు తగ్గును. మొదట రక్తపరీక్ష జరిపి వ్యాధి లేదని నిశ్చయించుకొనవలెను, మూత్రపిండముల పనితీరును చూచుకొనవలెను, మూడు నెలలకొకమాఱు మరల పరీక్షింపించుకొనవలెను. సవాయి వంటి ఇతర సుఖవ్యాధులను ఈ మాత్ర ఆపదు గనుక నిరోధ్ వాడుకను మానరాదు. ఇన్ని నియమములున్నను ఇది మహోపకారి యగు మందు. మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థయు 2022లో దీని వినియోగమునకు మార్గదర్శక సూత్రములను ప్రకటించినది.

కాని సూత్రములు వేఱు, సీసా వేఱు. వ్యాధి సోకినవానికి 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రములలో చికిత్స మాత్రలు ఉచితముగా లభించుచున్నవి. 2018లో అమలునకు వచ్చిన చట్టము ఆ చికిత్సను ప్రభుత్వముల బాధ్యతగానే చేసినది. సోకనివాడు సోకకుండుటకు కోరు మాత్ర మాత్రము సాధారణముగా మందుల షాపున సొంత పైకముతో కొనుక్కొనవలసినదే, నెలకు వేయి రూపాయలకు పైమాటే. మీటరు లెక్కన బ్రతుకు మనుష్యుడు, ఇంటికి పంపవలసిన సొమ్ములో ఆ వేయిని కోసి, రాని జబ్బుకొఱకు, ఇతరుల చూపులను తట్టుకొని, నెలనెలా షాపు గడప నెక్కునా? అనగా మన వ్యవస్థ వానితో ఇట్లు చెప్పుచున్నది: నీవు రోగివి కమ్ము, అప్పుడు నీయందు దయ చూపెదము. పడిన పిమ్మటనే చేయి చాచు ఈ దయ ఏపాటి దయ? ఇది కేవలము ధనమునకు సంబంధించిన ప్రశ్న యని నేను తలంపను. ధనపు లోటునకు వెనుక, పైకి చెప్పని ధర్మసందేహములు రెండు దాగియున్నవి. వానిని వెలికిదీసి విచారింపక పోయినచో, రేపు మాత్ర వెల పైసకు దిగినను అది చేరవలసినవారికి చేరదు.

మొదటిది కర్మసిద్ధాంతమును గూర్చినది. రోగము పూర్వకర్మఫలము, రావలసినది వచ్చియే తీరును, దానిని ముందుగా ఆపబూనుట విధితో పెనుగులాడుట యని కొందఱు, మన వీధి అరుగులమీది పెద్దలును, ఒకరిద్దఱు పురాణ ప్రవాచకులును, నమ్మకముతోనే అందురు. వారికి నేను చరకసంహితలోని విమానస్థానమున మూడవ యధ్యాయమును చూడుమని విన్నవించుకొందును. ఊళ్ళకు ఊళ్ళే నాశనమగు మహామారులను గూర్చిన యధ్యాయ మది. కాంపిల్య నగర సమీపమున గంగాతీర వనములో శిష్యులతో సంచరించుచు పునర్వసు ఆత్రేయుడు, ఉపద్రవము రానున్నదని సూచనలవలన గ్రహించి, భూమి రసము కోల్పోవకమున్నే, ఓషధులు వీర్యము తప్పకమున్నే వానిని సేకరించి పెట్టుకొనుడని అగ్నివేశునకు ఆజ్ఞాపించును. రోగము ఇంకను రాలేదు. రోగి యొక్కడును లేడు. మందు మాత్రము ముందే సిద్ధము కావలెనని ఋషివాక్యము. అదే యధ్యాయమున అగ్నివేశుడు ఆయువు నియతమా అనియతమా యని యడుగగా, ఆత్రేయుడు దైవమును, మనుష్యప్రయత్నమగు పురుషకారమును రెండింటిని తక్కెడ నుంచి, బలవత్తరమైన పురుషకారము దుర్బలమైన దైవమును జయించుననియు, ఆయువు సర్వము నియతమే యైనచో మంత్రౌషధములకు, శాంతులకు, జాగరూకతకు అర్థమే యుండదనియు విస్పష్టముగా తేల్చును.

అంతకంటెను నాకు ముఖ్యముగా తోచినది వేఱొకటి కలదు. ఆ మహామారులకు మూలము అధర్మమే యనియు, దానికిని మూలము బుద్ధి చేయు తప్పగు ప్రజ్ఞాపరాధమే యనియు ఆత్రేయుడు దాచక చెప్పెను. మనుష్యుల దోషముననే రోగము వచ్చునని నమ్మినవాడే ఓషధులను ముందుగా కోసి యుంచుమని చెప్పినవాడు కూడ. దోషనిర్ణయము ఆయన చేతిలోని మందుమూటను బిగింపలేదు. మన మన్ననో, దోషము ఎవరిదో తేలినంతనే మూట ముడి బిగించుచున్నాము. రానున్న దుఃఖమే పరిహరింపదగినదని యోగశాస్త్రమున పతంజలి చేసిన నిర్ణయమును గూడ ఇచ్చట స్మరింపవలెను. గడచినది గడచినది, అనుభవించుచున్నది అనుభవించుచునే యున్నాము, మన చేతిలో నున్నది రానిది మాత్రమే. సూరత్‌లోని పద్మశాలీలకు ఈ మాట ఒకరు నేర్పవలసిన పని లేదు. శ్రావణ పూర్ణిమనాడు నూతన యజ్ఞోపవీతము ధరించి వారు కొలుచుకొను కులమూలపురుషుడు మార్కండేయుడు. పదునాఱేండ్లే ఆయువని వ్రాయబడి పుట్టి, ఆ వ్రాతను తప్పించుకొన్నవాడు. నియతమైన మృత్యువును ఎదిరించుట పాపమైనచో ఆ కులమున కా దేవుడే యుండడు.

ఈ విషయమున సూరత్ నగరమునకు తన సొంత యనుభవము గలదు. 1994 సెప్టెంబరున, తాపీనది వఱదలు తీసిన పిమ్మట, వేడ్ రోడ్డు ప్రాంతమున ఊపిరితిత్తుల ప్లేగు పొడసూపినదన్న వార్త పుట్టగనే, కొలదిదినములలో లక్షల జనము రైళ్ళకు బస్సులకు ఎగబడి నగరము విడిచిరి. వైద్యులును పెక్కురు తలుపులు మూసుకొనిరి. టెట్రాసైక్లిన్ మాత్రలు షాపులలో గంటలలో నిండుకొనినవి. రోగము లేనివారే రోగము రాకుండుటకు వానిని మ్రింగిరి. ప్రభుత్వమును వానిని జనసామాన్యమునకు పంచినది. ఆనాడు మాత్ర చేత నుంచకమున్ను నీ నడవడి యెట్టిదని అడిగినవాడు లేడు. మఱుసటి యేడు నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారు మురికివాడ యని, సంపన్నుల పేట యని చూడక వీధులన్నిటిని ఊడ్పించి, సూరత్‌ను దేశమందలి పరిశుభ్ర నగరములలో నొకటిగా తీర్చిరి. శ్వాసద్వారమున వచ్చు రోగమునకు వర్తించిన ధర్మము శయ్యాద్వారమున వచ్చు రోగమునకు ఏల వర్తింపదు? ఊపిరి అందఱిదియు గనుకను, శయ్య వాడిదే గనుకను అందురేమో. కాని ఆ శయ్యపై రెండవవారున్నారు. వారిని గూర్చి ముందు చెప్పెదను.

రెండవ సందేహము మొదటిదానికంటె బలమైనది. దానిని పలికినవాడు సామాన్యుడు కాడు. 1909లో ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు మరలివచ్చుచు, కిల్డోనన్ కాసిల్ అను ఓడలో గాంధీజీ గుజరాతీ భాషలో వ్రాసిన హింద్ స్వరాజ్ నందు, వైద్యవృత్తిని గూర్చి యొక తీవ్రమైన విమర్శ గలదు. మితిమీరి తిన్నవానికి వైద్యుడు మందిచ్చినచో వాడు మరల మితిమీరును. దుర్వ్యసనముచే రోగము తెచ్చుకొన్నవానికి నయము చేసినచో వాడు మరల ఆ వ్యసనమునకే పోవును. ప్రకృతి విధించిన శిక్షను అనుభవింపనిచ్చియుండినచో తన్ను తాను నిగ్రహించుకొనుట నేర్చియుండును. ఇది ఆయన వాదసారము. నేడు సూరత్‌లో గాని సిరిసిల్లలో గాని ప్రెప్ మాత్రను పంచుదమన్న వెంటనే, ఇది తప్పుచేయుటకు లైసెన్సు కాదా యని లేచు ఆక్షేపణ, తెలిసినను తెలియకున్నను, ఆ పుటలనుండి వచ్చినదే.

గాంధీజీ మాటను త్రోసిపుచ్చుట నాకు సాధ్యము కాదు, ఇష్టమును కాదు. నిగ్రహము మనుష్యుని నిలుపు శక్తి యని నేనును నమ్ముచున్నాను. ఐతే ఆ నిగ్రహము ఎవరిపై ఎవరు విధించునది? తనపై తాను విధించుకొన్నప్పుడే అది నియమము. ఒరునిపై మనము విధించినచో అది నిరాకరణము. తాను ఉపవసించుట తపస్సు. పొరుగువానిని పస్తు పెట్టి ఉపవాసఫలము వానికి దక్కినదనుట తపస్సు కాదు. మహాత్ముని జీవితమును గమనింపుడు. 1904లో జోహాన్నెస్‌బర్గ్ నగరపు భారతీయ కూలీల వాడలో ఇట్టి ఊపిరితిత్తుల ప్లేగే పుట్టినప్పుడు, ఆయన ఖాళీగా నున్న యొక గిడ్డంగిలో రోగులను చేర్చి, స్వయముగా శుశ్రూష చేసెను. వారి నడవడికి లెక్క అడుగలేదు. 1924లో పూనా ససూన్ ఆసుపత్రిలో తన ఉదరమునకు శస్త్రచికిత్స చేయించుకొనుటకును అంగీకరించెను. తన దేహమును గూర్చి కఠోర వ్రతములు పూనిన ఆయన చేతులు ఆ ప్లేగు రోగుల దేహముల విషయమున కఠినములు కాలేదు. గ్రంథమునందలి వాక్యము కంటె ఆ చేతులే నాకు ప్రమాణము.

ఇక భయము తొలగినచో మనుష్యులు విచ్చలవిడిగా నడతురను మాట యున్నది. కలకత్తాలోని సోనాగాఛీలోను, మైసూరులోను వేశ్యావృత్తిలోనున్న స్త్రీలు, తమ సొంత సంఘములైన దుర్బార్, అశోదయల ద్వారమున, ఈ మాత్రలను ప్రయోగాత్మకముగా వాడిరి. అధికసంఖ్యాకులు క్రమము తప్పలేదు, ఆ కాలమున వారిలో నొక్కరికిని వ్యాధి సోకలేదు. ప్రతిదినము ఒక వేళకు ఒక మాత్ర గుర్తుంచుకొని మ్రింగుట, మూడు నెలలకొకసారి రక్తమిచ్చి ఫలితమునకై నిరీక్షించుట: ఇది విచ్చలవిడితనము చేయు పని కాదు. ఇది రేపటిదినమును గూర్చి యోచించువాడు చేయు పని. భయమువలన నిగ్రహము పుట్టునన్నచో, నలువదేండ్ల భయము ఇంతవఱకేమి చేసినది? 1986లో మద్రాసున మొదటి కేసులు బయటపడిననాటినుండి మనము మనుష్యులను భయపెట్టుచునే యున్నాము. 2023లో సైతము దేశమున అఱువదియెనిమిది వేలమందికి క్రొత్తగా సోకినట్లు ప్రభుత్వ అంచనా.

జైనాచార్యులు దానమును నాలుగు తెఱగులుగా చెప్పుదురు: ఆహారదానము, ఔషధదానము, శాస్త్రదానము, అభయదానము. ఈ మాత్ర యొక్క విశేషమేమన, ఔషధదానమును అభయదానమును ఇందు విడదీయరాకుండ కలసియున్నవి. మ్రింగినవానికి తక్షణము దక్కునది ఆరోగ్యము కాదు, అది వానికి ఇదివఱకే కలదు. వానికి దక్కునది నిర్భయత్వము. అభయమునకు పాత్రాపాత్ర విచారణ లేదు. విభీషణుడు శరణు జొచ్చినప్పుడు సుగ్రీవుడు అతని కులమును, అతడు వచ్చిన వేళను, అతని యుద్దేశమును ప్రశ్నించెను, ప్రశ్నలన్నియు న్యాయమైనవే. రాముడు వాని నన్నిటిని విని, వచ్చినవాడు రావణుడే యైనను అభయమిచ్చితిని, తోడ్కొని రమ్మనెను. మూగజీవుల ఆశ్రయములగు పింజరపోళ్ళకు లక్షలిచ్చు సూరత్ జైన శ్రేష్ఠులు, ఆ ధర్మమును సాంచల ఖాతా గడప దాటించుట వారి మతమునకు విరుద్ధము కాదు; దాని పూర్ణరూపమే యగును.

వెలను గూర్చియు ధర్మప్రశ్న యున్నది. 1970 నాటి మన పేటెంట్ల చట్టము, మందును గాక మందు తయారుచేయు పద్ధతిని మాత్రమే ఒకని సొత్తుగా అంగీకరించినందువలన, మన కంపెనీలు వేఱుదారులలో అవే మందులను చౌకగా చేయ నేర్చినవి. 2001లో సిప్లా సంస్థ యజమాని యూసుఫ్ హమీద్, అంతవఱకు ఏడాదికి పదివేల డాలర్లకు పైబడియుండిన మూడు మందుల చికిత్సను, ఏడాదికి 350 డాలర్లకే ఇత్తునని ప్రకటించి లోకమును నివ్వెఱపఱచెను. 2005లో చట్టము మారినను, టెనోఫోవిర్ మందుపై విదేశీ సంస్థ కోరిన పేటెంటును మన కార్యాలయము 2009లో నిరాకరించుటచే, నేడు హైదరాబాదు కర్మాగారములు ఆ మందును దేశదేశములకు పంపుచున్నవి. ఇచ్చట నాకు నొప్పి కలుగుచున్నది. కరీంనగరము జిల్లాలో పుట్టినవాడు బ్రతుకు తెరువుకై సూరత్ పోవును. వాని రాష్ట్రముననే తయారైన మాత్ర ఆఫ్రికాకు చేరును, చేరవలసినదే, సంతోషమే. వానికి మాత్రము చేరదు.

ఇప్పుడు శయ్యపైనున్న రెండవవారిని గూర్చి. దసరాకు బతుకమ్మ పేర్చుకొని భర్త రాకకు ఎదురుచూచు ఇల్లాలు ఏ ప్రజ్ఞాపరాధము చేసినది? ఆమె పాతివ్రత్యమే ఆమెకు ప్రమాదద్వారమగుచున్నది. భర్తను పరీక్షకు పొమ్మని అడుగజాలదు. నిరోధ్ మాట ఎత్తినచో అనుమానము ఆమెపైకే మరలును. మాత్రల సీసా అత్తగారి కంటబడినచో దానిని గూర్చి ఏమని చెప్పగలదు? ఆమె కొఱకే యన్నట్లు, లెనకాపవిర్ అను సూదిమందు వచ్చినది. ఆఱు నెలలకొక్కసారి వేయించుకొనిన చాలును. 2024లో ఫలితములు ప్రకటించిన పరిశోధనలో, దక్షిణాఫ్రికా, ఉగాండా దేశములలో దీనిని పొందిన రెండువేలకు మించిన యువతులలో నొక్కతెకును వ్యాధి సోకలేదు. అమెరికాలో దీని వెల ఏడాదికి 28 వేల డాలర్లకు పైబడియుండగా, మన హైదరాబాదు సంస్థలు డాక్టర్ రెడ్డీస్, హెటిరోలు 2027నుండి 120 దేశములకు ఏడాదికి 40 డాలర్లకు దీనిని అందింతుమని 2025 సెప్టెంబరున ఒప్పందములు చేసికొనినవి.

నలువది డాలర్లనగా సుమారు మూడున్నరవేల రూపాయలు. దానిని కార్మికుడు భరింపనక్కఱలేదు. రోగియైన పిమ్మట జీవితాంతము ఉచిత చికిత్సనిచ్చు ప్రభుత్వమే, ఆ వ్యయములో కొంత ముందుగా వెచ్చించి దీనిని ఇయ్యవలెను. గుజరాత్, ఒడిశా, తెలంగాణ, ఆంధ్ర ఎయిడ్స్ నియంత్రణ సంఘములు ఇప్పటినుండియే కూర్చుండి తేల్చుకొనవలసిన విషయము వేఱొకటి కలదు. సాంచలవాడు ఏడాదిలో కొంతకాలము సూరత్‌లోను, కొంతకాలము స్వగ్రామమునను ఉండును. మొదటి సూది సూరత్ సివిల్ ఆసుపత్రిలో పడినచో, రెండవదాని గడువు వచ్చునప్పటికి వాడు సిరిసిల్లలోనో బరంపురములోనో ఉండవచ్చును. ఒకచోట వ్రాసిన కార్డును రెండవచోట అడ్డుప్రశ్న లేకుండ అంగీకరింపవలెను; భార్య తన పేర వేఱుకార్డు కోరినచో, భర్త సంతకము అడుగక ఇయ్యవలెను.